ఉత్తర స్వీడన్‌లో ఏ కారు కొనాలి? ముందు పార్కింగ్ సంగతి తేల్చుకోండి

షెలెఫ్టియోకో లూలియోకో ఉద్యోగం మీద వచ్చిన మనవాళ్లు ఏడాది తిరగకముందే అడిగే ప్రశ్న ఒకటుంది: "ఏ కారు తీసుకోమంటారండీ?" అడిగేటప్పటికే మనసులో కంపెనీ పేర్లు ఉంటాయి. వోల్వోనా, టొయోటానా, కియానా అని. ఇక్కడ కంపెనీ పేరు ఆఖర్న చూసుకోవచ్చు. రాత్రిపూట కారు ఎక్కడ ఆగుతుంది, అక్కడ కరెంటు ఉందా లేదా అన్నది ముందు తేలాలి. పెట్రోలా, డీజిలా, ఎలక్ట్రిక్కా అన్న లెక్క సగం అక్కడే తెగిపోతుంది.

చలి సంగతి ఒక్క ముక్కలో చెప్పి ముందుకెళ్తాను. 2024 జనవరి మొదటి వారంలో యోక్‌మోక్ మునిసిపాలిటీలోని క్విక్‌యోక్ వైపు మైనస్ 43.6 డిగ్రీలు నమోదైంది. సముద్రం పక్కనున్న లూలియో, షెలెఫ్టియో, ఊమియోలలో అంత ఉండదు. అయినా మనకు సంక్రాంతి వచ్చే రోజుల్లో మైనస్ 20, 25 తగలడం ఇక్కడ వింతేం కాదు. కార్ల కంపెనీలు కొత్త మోడళ్లను గడ్డకట్టిన చెరువుల మీద పరీక్షించడానికి ఏటా చలికాలం ఆర్యెప్లోగ్‌కి వస్తాయి. వాళ్లు పరీక్ష కోసం వెతుక్కుంటూ వచ్చే వాతావరణంలోనే మనం పిల్లల్ని బడిలో దింపాలి.

అసలు కారు ఇప్పుడే కావాలా?

ఊళ్లో అపార్ట్‌మెంట్ ఉండి, ఆఫీసుకు బస్సు ఉంటే మొదటి చలికాలం కారు లేకుండా గడిపేయండి. మంచు రోడ్డు మీద జనం ఎలా నడుపుతున్నారో ఒక సీజన్ చూశాక కొంటే ఏం కావాలో మీకే తెలుస్తుంది. షెలెఫ్టియోకి ప్రయాణికుల రైలు లేదు, రైలెక్కాలంటే బస్సులో బాస్తుట్రెస్క్ స్టేషన్ దాకా వెళ్లాలి. ఊళ్ల మధ్య బస్సులున్నా శని, ఆదివారాల్లో పలచబడిపోతాయి. ఊరికి పాతిక కిలోమీటర్ల అవతల అద్దె తక్కువని ఇల్లు తీసుకున్నవాళ్లకు మాత్రం కారు లేనిదే పూట గడవదు. వాళ్ల అద్దె లెక్కలో కారు ఖర్చు కూడా కలుపుకోవాలి.

ఇంకో మాట మొహమాటం లేకుండా చెప్తాను. 2025 మార్చిలో బ్యాటరీల కంపెనీ నార్త్‌వోల్ట్ దివాలా తీశాక షెలెఫ్టియోలో ఎంతోమంది విదేశీ ఉద్యోగుల బతుకులు ఒక్కసారిగా తలకిందులయ్యాయి. వర్క్ పర్మిట్ మీద ఉన్నవాళ్లకు ఉద్యోగం పోతే ఇంకోటి వెతుక్కోడానికి ఉండే గడువు కొద్ది నెలలే. అప్పుడు మెడకు చుట్టుకునేది మూడేళ్ల కారు లీజు. పర్మనెంట్ రెసిడెన్సీ చేతికి వచ్చేదాకా లీజు జోలికి పోవద్దనే నా సలహా. రొక్కం పెట్టి సెకండ్ హ్యాండ్ కారు, అదీ అమ్మకానికి పెడితే నాలుగు రోజుల్లో ఫోన్లు వచ్చే మామూలు మోడల్ తీసుకోండి. అందరూ నడిపే కారుకే పార్టులు దొరుకుతాయి, మళ్లీ అమ్మేటప్పుడు కొనేవాళ్లూ దొరుకుతారు.

లైసెన్సు సంగతి కూడా కారు ఎంపికకు ముడిపడే ఉంది. ఇక్కడ నివాసిగా నమోదయ్యాక మన ఇండియా లైసెన్సు ఏడాది వరకే చెల్లుతుంది. దాన్ని స్వీడన్ లైసెన్సుగా మార్చివ్వరు. థియరీ, డ్రైవింగ్ పరీక్షలు, వాటికి ముందు రోడ్డు ప్రమాదాల గురించి చెప్పే రెండు రిస్క్ క్లాసులు, అన్నీ మొదటినుంచీ చెయ్యాల్సిందే. రెండో రిస్క్ క్లాసులో జారే ట్రాక్ మీద కారు నడిపిస్తారు. ఖర్చు సంగతి ఎలా ఉన్నా, ఈ ఉత్తరాదిలో పైసా వసూల్ అనిపించే క్లాసు అదొక్కటే. పరీక్షను ఆటోమేటిక్ కారుతో పాసైతే లైసెన్సు మీద 78 అనే కోడ్ పడుతుంది, ఆ తర్వాత గేర్ల కారు నడపకూడదు. చవకగా దొరికే పాత కార్లలో ఎక్కువ భాగం గేర్లవే. బడ్జెట్ తక్కువైతే గేర్ల కారుతోనే పరీక్ష ఇవ్వండి. హైదరాబాద్ ట్రాఫిక్‌లో క్లచ్ తొక్కిన కాళ్లకు ఇదేం కష్టం కాదు.

కరెంటు స్తంభం ఉన్న పార్కింగ్, లేని పార్కింగ్

ఇక్కడి అపార్ట్‌మెంట్ల పార్కింగుల్లో ఒక్కో స్థలం ముందు నడుమెత్తు స్తంభం, దాని మీద చిన్న పెట్టె కనిపిస్తాయి. ఆ పెట్టెలో ప్లగ్గు, టైమరు ఉంటాయి. దీన్ని మోటార్‌వెర్మారె స్థలం అంటారు, అంటే ఇంజిన్ హీటరు పెట్టుకునే చోటు. సాయంత్రం కారు దిగగానే బంపర్ దగ్గరున్న చిన్న మూత తెరిచి కేబుల్ గుచ్చి, పొద్దున బయల్దేరే టైము టైమర్‌లో పెట్టి ఇంట్లోకి వెళ్లిపోతారు. కారు లోపల కేబిన్ హీటరు కూడా ఉంటే, పొద్దున వచ్చేసరికి ముందద్దం మీద మంచు కరిగి పక్కకు జారుతూ ఉంటుంది, స్టీరింగు చేతికి చురుక్కుమనదు, ఇంజిన్ మొదటి తిప్పుకే అందుకుంటుంది. సున్నా డిగ్రీల దగ్గర గంట చాలు, మైనస్ 20కి రెండు గంటలు కావాలి. రాత్రంతా వేసి ఉంచితే కరెంటు దండగ. కారు తీసుకెళ్లేటప్పుడు కేబుల్‌ని స్తంభానికే వేలాడదీసి పోకూడదు, పిల్లలు తిరిగే చోటు.

అలాంటి స్థలం దొరికితే, నా ఓటు మామూలు పెట్రోలు కారుకే. లేదా ప్లగ్గు అక్కర్లేని టొయోటా తరహా హైబ్రిడ్‌కి. కారుకు హీటరు అమర్చి ఉందో లేదో ప్రకటనలో చూసుకోండి. లేకపోతే గ్యారేజీలో పెట్టించుకోవచ్చు గానీ చేతి చమురు బాగానే వదులుతుంది. దక్షిణాది నుంచి వచ్చిన కార్లకు చాలాసార్లు హీటరు ఉండదు. ధర తక్కువగా కనిపించడానికి అదీ ఒక కారణం.

ఆ స్తంభం చూసి "కరెంటు ఉంది కదా, ఎలక్ట్రిక్ కారు కొనేద్దాం" అనుకునేవాళ్లు చాలామంది. అది గంటా రెండు గంటలు హీటరుకు కరెంటిచ్చే లెక్కతో పెట్టిన లైను. దాంతో కారు ఛార్జ్ చెయ్యకూడదని చాలా ఇళ్ల యజమానులు కాంట్రాక్టులోనే రాసేస్తారు. సొంతిల్లు ఉండి గోడకు ఛార్జరు పెట్టించుకోగలిగితే కథ పూర్తిగా మారిపోతుంది. అప్పుడు ఎలక్ట్రిక్ కారంత సుఖం ఇంకోటి లేదు. మంచం మీదినుంచే ఫోన్‌లో హీటింగ్ నొక్కుతారు, బ్యాటరీ, కేబిన్ రెండూ ఇంటి కరెంటుతోనే వెచ్చబడతాయి. స్టార్ట్ అవుతుందా అవదా అన్న టెన్షన్ లేదు. రోడ్డు మూసేసి గంటల తరబడి ఆగిపోయినా సగం ఛార్జ్ ఉంటే చాలు, లోపల వెచ్చగా కూర్చోవచ్చు.

రేంజి సంగతి మాత్రం కాగితం మీది అంకె నమ్మకండి. గట్టి చలిలో 30 శాతం పోయిందనుకుని లెక్కేసుకోండి, హైవే మీద మైనస్ 25లో 40 దాకా పోవచ్చు. 450 కిలోమీటర్ల కారు అంటే అప్పుడు 270. లూలియో నుంచి కిరునా 340 కిలోమీటర్ల పైచిలుకు, కాబట్టి యెల్లివారె దగ్గర ఒకసారి ఆగక తప్పదు. తీరం వెంట పోయే ఈ4 హైవే మీద ఛార్జర్లకు లోటు లేదు. లోపలి ఊళ్ల వైపు ఈ45 మీద దూరాలు ఎక్కువ, అక్కడ ఒక ఛార్జరు పనిచేయకపోతే తర్వాతి ఊరి దాకా పోయేంత మిగుల్చుకుని నడపాలి. సెకండ్ హ్యాండ్‌లో కొంటుంటే తక్కువ కరెంటుతో కేబిన్‌ని వేడి చేసే హీట్ పంప్ ఉందా, ఛార్జింగుకు ముందు బ్యాటరీని వేడి చేసుకునే సదుపాయం ఉందా అని అడగండి. ఎల్‌ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) బ్యాటరీ కారైతే ఆ రెండో ప్రశ్న మరీ ముఖ్యం, చల్లబడ్డాక అది కరెంటు తీసుకోడానికి బాగా మొరాయిస్తుంది. ఇంట్లో ఛార్జింగ్ లేకుండా పబ్లిక్ ఛార్జర్ల మీదే ఆధారపడి, రోజూ నాలుగైదు కిలోమీటర్ల చిన్న ట్రిప్పులు తిప్పేవాళ్లకు ఎలక్ట్రిక్ వద్దనే అంటాను. ప్రతిసారీ చల్లబడ్డ కేబిన్‌ని మొదటినుంచి వేడి చెయ్యడానికే సగం కరెంటు పోతుంది.

డీజిల్ ఎవరికంటే రోజూ యాభై, వంద కిలోమీటర్లు నడిపేవాళ్లకు, ట్రైలర్ లాగేవాళ్లకు. ఊళ్లో చిన్న ట్రిప్పులకు వాడితే పొగ ఫిల్టరు మసిపట్టి మూసుకుపోతుంది, ఇంజిన్ వేడెక్కేలోపే ఆఫీసు వచ్చేస్తుంది. పాత డీజిల్ కార్లకు ఏటా కట్టే పన్ను కూడా పెట్రోలు కంటే ఎక్కువ. దీనికున్న ఒక మంచి గుణం, చాలావాటికి ఇంధనంతో మండే పార్కింగ్ హీటరు ముందే ఉంటుంది. స్తంభం లేని చోట అది దేవుడిచ్చిన వరం. కాకపోతే అది కారు బ్యాటరీని తాగుతుంది, హీటరు అరగంట నడిస్తే ఆ తర్వాత కనీసం అరగంట కారు నడపాలి. ఇంకో జాగ్రత్త: చలికి కొబ్బరినూనె గడ్డకట్టినట్టు మామూలు డీజిల్ కూడా చిక్కబడి ఫిల్టరులో ఇరుక్కుంటుంది. ఇక్కడి బంకుల్లో చలికాలానికి తగిన డీజిలే పోస్తారు. నవంబరులో దక్షిణాన ఏ మాల్మోలోనో ట్యాంకు నిండా కొట్టించుకుని పైకి వస్తేనే చిక్కు. దారిలో సుండ్స్‌వాల్ దాటేసరికి పాతది అయిపోయేలా చూసుకుని, పైన కొత్తది నింపుకోండి.

ప్లగ్గు పెట్టే హైబ్రిడ్ గురించి ఎక్కువ చెప్పను. చలి ముదిరితే చాలా మోడళ్లలో కేబిన్ వేడి కోసం పెట్రోల్ ఇంజిన్ తనంతట తానే స్టార్టవుతుంది. కరెంటు మీద ఆఫీసుకు వెళ్లొచ్చనే ఆశ డిసెంబరులో తీరదు. అందులో ఇంజిన్ హీటరు కూడా ఉంటేనే ఆలోచించండి.

టైర్లు: ఇక్కడ పిసినారితనం వద్దు

కారు మీద పది వేల క్రోనాలు తగ్గించుకుని, ఆ డబ్బు టైర్ల మీద పెట్టమని నేనెవరికైనా చెప్తాను. చట్టం ప్రకారం డిసెంబరు 1 నుంచి మార్చి 31 వరకు రోడ్డు మీద మంచు, ఐసు ఉంటే వింటర్ టైర్లు తప్పనిసరి, గాళ్ల లోతు కనీసం 3 మిల్లీమీటర్లు ఉండాలి. 2024 డిసెంబరు నుంచి టైరు మీద ఉత్త ఎం+ఎస్ (మడ్ అండ్ స్నో, బురద, మంచు) ముద్ర చాలదు. కొండ, అందులో మంచురేకు ఉన్న గుర్తైనా ఉండాలి, లేదా ఐసులో గుచ్చుకునే చిన్న లోహపు మేకులున్న టైరైనా (స్టడెడ్) అయ్యుండాలి. మేకుల టైర్లు అక్టోబరు 1 నుంచి ఏప్రిల్ 15 దాకా వేసుకోవచ్చు, ఆ గడువు దాటాక కూడా మంచు పడితే తప్పులేదు.

మేకులున్నవా, లేనివా? ఉత్తరాదిలో ఎక్కువమంది మేకులవే వాడతారు, కొత్తగా నడిపేవాళ్లకు నేనూ అవే చెప్తాను. గట్టి చలిలో, మైనస్ 15 కింద, మేకులు లేని మెత్తటి టైర్లు కూడా రోడ్డును బాగానే పట్టుకుంటాయి. ప్రాణం మీదికి వచ్చేది నవంబరు, మార్చి నెలల్లో. సున్నాకి అటూ ఇటూ ఊగుతూ, పగలు కరిగిన నీరు సాయంత్రానికి అద్దంలా గడ్డకట్టి, దాని మీద పల్చగా తడి చేరుతుంది. ఆ తడి ఐసు మీద మేకు చేసే పని రబ్బరు చెయ్యలేదు. మేకుల నష్టాలూ ఉన్నాయి: హోరు ఎక్కువ, ఇంధనం కాస్త ఎక్కువ తాగుతుంది, స్టాక్‌హోమ్‌లో హోర్న్స్‌గాటన్ లాంటి కొన్ని వీధుల్లోకి వాటితో పోనివ్వరు. నెలకోసారి దక్షిణానికి వెళ్లేవాళ్లు, హోరు భరించలేని ఎలక్ట్రిక్ కారువాళ్లు మేకులు లేనివి తీసుకోవచ్చు. కాని అందులోనూ రెండు జాతులున్నాయి. జర్మనీ వానల కోసం చేసినవి ఒకటి, ఇక్కడి ఐసు కోసం చేసినవి ఇంకొకటి. కొండ, మంచురేకు గుర్తు రెండిటి మీదా ఉంటుంది కాబట్టి దాన్ని చూసి మోసపోకండి. 2021 నుంచి వస్తున్న యూరప్ లేబుల్ మీద ఐసు పట్టుకు వేరే గుర్తు ఉంది, అది ఉన్నవే అడిగి తీసుకోండి.

పాత టైర్లు చూసేటప్పుడు గోడ మీద నాలుగంకెల తేదీ వెతకండి. 3519 అంటే 2019లో 35వ వారం తయారీ. గాళ్లు లోతుగా కనిపించినా ఎనిమిదేళ్లు దాటితే రబ్బరు బిగుసుకుపోతుంది, ఐసు మీద అది ప్లాస్టిక్ బొమ్మ చక్రం. "రెండు సెట్లూ రిమ్‌లతో సహా" అని ఉన్న ప్రకటనకు కాస్త ఎక్కువ పెట్టినా ఫర్వాలేదు, రిమ్‌లతో కలిపి మంచి మేకుల సెట్టు కొత్తగా కొంటే పది వేల క్రోనాల దాకా అవుతుంది.

ఫోర్ వీల్ డ్రైవ్ గురించి అడుగుతారు. కదలడానికి సాయపడుతుంది, ఆగడానికి సాయపడదు. ఇల్లు గుట్ట మీదో, మంచు తోసే బండి మధ్యాహ్నం దాకా రాని ప్రైవేటు రోడ్డు మీదో ఉంటే తీసుకోండి. ఊళ్లో ఉండేవాళ్లకు మంచి టైర్లున్న ఫ్రంట్ వీల్ డ్రైవ్ చాలు. వెనక చక్రాలతో నడిచే పాత వోల్వోలంటే ఇక్కడి కుర్రాళ్లకు ప్రాణం. పదిహేనేళ్ల పిల్లలు వాటినే గంటకు 30 కిలోమీటర్లకు కట్టడి చేసి, వెనక ఎర్ర త్రికోణం తగిలించుకుని, పాటలు హోరెత్తిస్తూ తిరుగుతారు. వాటిని వాళ్లకే వదిలెయ్యండి.

ఎక్కడి కారు కొనాలి, ఏ ఇన్సూరెన్సు కట్టాలి

సెకండ్ హ్యాండ్ కార్ల బేరాలు ఎక్కువగా బ్లాకెట్ అనే ప్రకటనల వెబ్‌సైట్‌లో జరుగుతాయి. అక్కడ తిరిగిన దూరం మిల్‌లలో రాస్తారు, ఒక మిల్ అంటే 10 కిలోమీటర్లు. 18,000 అని చూసి కొత్త కారనుకోకండి, అది లక్షా ఎనభై వేల కిలోమీటర్లు. అదే ధరకు దక్షిణాది కారు, ఉత్తరాది కారు రెండూ దొరికితే నేను ఉత్తరాదిదే తీసుకుంటాను. దక్షిణాదిలో, పడమటి తీరం వైపు, ఐసు కరగడానికి రోడ్ల మీద చల్లే ఉప్పు తిన్న కారుకు కింద భాగం తుప్పు పడుతుంది. ఇక్కడ గట్టి చలిలో ఉప్పు పనిచేయదు కాబట్టి చిన్న రోడ్ల మీద ఇసుక, కంకర చల్లుతారు. దాని ఫలితం ముందద్దం మీద తెలుస్తుంది. ముందు వెళ్లే లారీ టైరు కింద రాయి లేచి టప్పున తగిలి, గోరంత నక్షత్రం పడుతుంది. అది మూరెడు చీలిక కాకముందే పూడ్చించాలి.

అందుకే ఇన్సూరెన్సు లెక్క ఇక్కడ వేరు. కనీసపు ట్రాఫిక్ ఇన్సూరెన్సు మనుషులకు తగిలే దెబ్బలకు, ఎదుటివాళ్ల ఆస్తి నష్టానికి వస్తుంది, మీ కారుకు రాదు. హాఫ్ ఇన్సూరెన్సులో అద్దం, దొంగతనం, అగ్నిప్రమాదం లాంటివి వస్తాయి. మీ కారు గుద్దుకుని నలిగితే ఇచ్చేది ఫుల్ ఇన్సూరెన్సే, అడవి జంతువును గుద్దినా మామూలుగా అందులోనే వస్తుంది. మూస్ (ఇక్కడి అడవుల్లో తిరిగే భారీ దుప్పి) అంటే నాలుగైదు వందల కిలోల మగది కూడా కావచ్చు. కాళ్లు పొడుగు కావడంతో బంపరు కాళ్లకు తగిలి, ఒళ్లు నేరుగా ముందద్దం మీదికి వస్తుంది. ముప్పై వేల క్రోనాల పాత కారైతే హాఫ్‌తో సరిపెట్టుకోవచ్చు, పోతే కారే పోతుంది. లక్ష పైబడిన కారుతో రోజూ అడవి రోడ్డు మీద వెళ్లేవాళ్లు ఫుల్ కట్టండి. కొత్తగా వచ్చినవాళ్లకు ప్రీమియం మొదట్లో గట్టిగానే ఉంటుంది, నాలుగైదు చోట్ల అడిగి చూడండి.

మూస్‌నో రెయిన్‌డీర్‌నో గుద్దితే, అది లేచి పారిపోయినా సరే, 112కి ఫోన్ చేసి చెప్పాలి, ఆ చోటు తెలిసేలా ఏదైనా గుర్తు కట్టాలి. రెయిన్‌డీర్ అడవి జంతువు కాదు, ఇక్కడి ఆదివాసులైన సామీ పశుపాలకుల సొత్తు. రోడ్డు పక్క కర్రలకు నల్ల ప్లాస్టిక్ సంచులు వేలాడుతుంటే చెత్త అనుకోకండి. మంద దగ్గర్లో ఉందని వాళ్లు పెట్టిన హెచ్చరిక అది. వేగం తగ్గించండి, సంచిని ముట్టుకోకండి.

లైట్ల గురించి ఒక్క మాట. డిసెంబరు మూడో వారంలో లూలియోలో సూర్యుడు కనపడేది మూడు గంటల పైచిలుకే. బంపర్ ముందు అదనపు లైట్ల పట్టీ ఇక్కడ షోకు కోసం పెట్టింది కాదు, మూస్‌ని రెండు సెకన్లు ముందుగా చూపిస్తుంది. హీటరుకు, లైట్లకు వైరింగ్ ముందే ఉన్న కారు దొరికితే కాస్త ఎక్కువ పెట్టినా నష్టం లేదు. ఎల్ఈడీ హెడ్‌లైట్లు వేడెక్కవు కాబట్టి వాటి మీద మంచు కరగదు, దారిలో ఆగి చేత్తో తుడుచుకోవాలి. లోపల రబ్బరు మ్యాట్లు వేసుకోండి. గుడ్డ మ్యాట్లు బూట్ల మంచును పీల్చుకుని, ఆ తడంతా రాత్రికి అద్దాల లోపలి వైపు గడ్డకడుతుంది. గీకాలంటే రెండు వైపులా గీకాలి. మైనస్‌లలో హ్యాండ్‌బ్రేకు వేసి వదిలితే అంటుకుపోవచ్చు, గేరులో పెట్టి దిగడం మేలు.

ఎప్పుడు కొనాలి? అక్టోబరులో అందరికీ ఒకేసారి టైర్లు గుర్తొస్తాయి. మార్పించుకోడానికి అపాయింట్‌మెంట్ దొరకదు, మంచి టైర్లున్న కార్లు అప్పుడే ధర పలుకుతాయి. ఏప్రిల్, మే నెలల్లో బేరం బాగా కుదురుతుంది. చలికాలంలోనే కొంటుంటే మాత్రం దానికీ ఒక లాభం ఉంది. చూడ్డానికి వెళ్లే ముందురోజే అమ్మేవాళ్లకు చెప్పండి, నేను వచ్చేదాకా ఇంజిన్ స్టార్ట్ చెయ్యొద్దు, హీటరు కేబుల్ పెట్టొద్దు అని. రాత్రంతా మైనస్ 15లో నిలబడ్డ కారు మొదటి తాళానికి ఎలా లేస్తుందో వింటే బ్యాటరీ, స్టార్టరు ఎంత బాగున్నాయో తెలిసిపోతుంది. వెళ్లేసరికి బానెట్ వెచ్చగా ఉంటే ఇంకోరోజు వస్తానని చెప్పి వచ్చెయ్యండి. వేసవిలో ఈ పరీక్షకు వీల్లేదు. అప్పుడు బ్యాటరీ ఎప్పుడు మార్చారో అడిగి, అయిదేళ్లు దాటితే కొత్తదాని ఖరీదు బేరంలో తగ్గించుకోండి.